“కాస్మెటిక్కే కదా మామయ్యా!” – సటీకా తాత్పర్యము

మూలము: “కాస్మెటిక్కే కదా మామయ్యా! ఎవరూ బలవంతం చేయట్లేదు. ఓటీపీ వచ్చిందా?”

అవతారిక: బెజవాడ గుణదల మేరీమాత కొండకు కూతవేటు దూరమున, బీటెక్ చదువు మా మేనల్లుడు, 4,999 రూపాయలకు కొన్న ఆటలోని తన వీరునికి మెరుపుల అంగరఖా తొడుగదలచి, నా ఫోను వంక చూచుచు పలికిన వాక్యమిది.

ప్రతిపదార్థము: సుగమము. ఓటీపీ మాత్రము నాది.

టీక: కొనునది అలంకారమే కాని ఆయుధము కాదని భావము. ఆటలో అలంకారమును విడిగా అమ్ము ఈ సంప్రదాయమునకు మూలపురుషుడు ఒక గుర్రము. 2006లో బెథెస్డా కంపెనీ వారు ‘ఆబ్లివియన్’ ఆటలో గుర్రపు కవచమును రెండున్నర డాలర్లకు అమ్మిరి. లోకము నవ్వెను; నవ్వుచునే కొనెను.

కవచప్రస్తావన వచ్చెను గనుక కర్ణుని విడువరాదు. బ్రాహ్మణవేషమున వచ్చువాడు ఇంద్రుడని, ఇవ్వక తప్పదన్నచో బదులుగా శక్తి అను ఆయుధమును కోరుమని సూర్యుడు ముందే హెచ్చరించెను. కర్ణుడు తెలిసియే కవచకుండలములిచ్చెను. ఇంద్రుడును షరతు దాచలేదు: ఒక్క శత్రువునే చంపును, ఆపై శక్తి తిరిగి తన చేతికి వచ్చును. అర్జునునికై దాచిన శక్తి ఘటోత్కచునిపై ఖర్చయినది. అది కర్ణుని ప్రారబ్ధము, సరకులో లోపము కాదు. వేషము మార్చి వచ్చిన దేవుడు సైతము ఏమి పుచ్చుకొనుచున్నాడో, ఏమి ఇచ్చుచున్నాడో విప్పి చెప్పెను.

మా వాడి ఆటలో ఆ పాటి మర్యాద కూడా లేదు. అంగరఖా ఒక మూసిన మూటలో ఉండవచ్చు, ఉండకపోవచ్చు. మూట ధర 900 రత్నాలు, అంటే ఆటలో చెల్లే నాణేలు. రత్నాలు అమ్మేది 500 చొప్పున. రెండుసార్లు కొంటే మిగిలే నూరూ దేనికీ చాలవు, మూడోసారి కొనిపించడానికి తప్ప. “రూపాయల్లో ఎంతరా?” అంటే వాడు కాలిక్యులేటర్ తీశాడు. ఇంజినీరింగ్ చదివేవాడు! ఆన్‌లైన్ రమ్మీని జూదమని 2020లో నిషేధించిన రాష్ట్రం మనది. డబ్బిచ్చి కొనే ఇలాంటి మూటలు జూదమేనని 2018లో బెల్జియం తేల్చింది. మా వాడి దృష్టిలో మాత్రం ఇది ఫ్యాషన్.

పూర్వపక్షము: బలము పెరుగదు, ఇష్టమున్నవాడు కొనును, నీకేమి బాధ?

సిద్ధాంతము: 2017లో ఈఏ కంపెనీ వారి ‘స్టార్ వార్స్ బ్యాటిల్‌ఫ్రంట్ 2’లో డార్త్ వేడర్ అను పాత్రకు, ఆడి సంపాదించవలసిన 60,000 క్రెడిట్ల వెల కట్టిరి. ఇంత వెల ఏలనన్నవారికి, అంత శ్రమించి గెలుచుకొన్నచో గర్వము కలుగునని సమాధానమిచ్చిరి. ఆ సమాధానమునకు రెడిట్‌లో ఆరు లక్షలకు పైగా వ్యతిరేక ఓట్లు పడెను. విడుదలకు ముందే వెల తగ్గించి, డబ్బు తీసికొని బలమిచ్చు అంగడిని కొంతకాలము మూసిరి. గెలిచింది ఆటగాళ్ళే. గెలిచి ఏం చేశారు? బలం అమ్మితే అధర్మం, సోకు అమ్మితే ధర్మం అని కంపెనీల కోసం స్మృతి రాసిపెట్టారు. బీసెంట్ రోడ్డులో చొక్కా అమ్మి గుండీలకు వేరే బిల్లు వేస్తే అంగడి ముందు గొడవ జరుగుతుంది. ఇక్కడ ఐదువేలిచ్చినవాడే గల్లాపెట్టె తరఫున వకాల్తా పుచ్చుకుంటున్నాడు!

తాత్పర్యము: ధర రూపాయల్లో వేయండి. మూటలో ఏముందో విప్పి చూపించండి.

ఫలశ్రుతి: ఈ టీకను నిత్యము పఠించువారి కార్డు నంబరు ఏ ఆటలోను సేవ్ కాకుండుగాక. సంక్రాంతి ఆఫరు నడుచు దినములలో మాత్రము ఫలము చెప్పజాలము.