సిగ్నల్ పడె: సటీకా తాత్పర్యం

మూలం: సిగ్నల్ పడె. లెవ్వుండ్రి.

అవతారిక: మీటర్ గేజి బండ్ల కాలాన, గద్వాల స్టేషన్ ప్లాట్‌ఫారం మీద, ఇటిక్యాల పోవలసిన ఒక పెద్దాయన నోట వెలువడిన సూత్రమిది. అప్పుడాయన వెంట ఉన్నవి రెండు మూటలు, కాళ్ళు కట్టిన ఒక కోడి, ఒక మనవడు. ఆ మనవడే ఈ వ్యాఖ్యాత. విద్వద్గద్వాల అని పేరుబడ్డ సంస్థానపు గడ్డ మీద పుట్టిన వాక్యానికి ఇన్నాళ్ళు టీక లేకపోవడం లోపమే. సంస్థానం కవులకు సన్మానాలు చేసేది. ఈ వ్యాఖ్యాతకు ఆ ఆశ లేదు, సంస్థానమూ లేదు.

ప్రతిపదార్థం: సిగ్నల్ = కంబం మీది చెయ్యి; పడె = వాలెను; లెవ్వుండ్రి = ఓ మూటల మీద కూర్చున్నవారలారా, లేవండి. ‘బండి వస్తున్నది’ అన్నది అధ్యాహారం. తాత మాటల్లో సగం అధ్యాహారాలే.

ఆ చేతికి శాస్త్రనామం సెమాఫోర్. గ్రీకులో ‘సేమ’ గుర్తు, ‘ఫోరోస్’ మోసేది. ఆ ‘ఫోర’, మన భారంలోని ‘భర’ ఒక తల్లి బిడ్డలేనని భాషాశాస్త్రం. అందుచేత సెమాఫోర్ అనగా గుర్తుల హమాలీ. అయితే గ్రీకులెవరూ ఈ మాట ఎరగరు. 1801 ప్రాంతంలో ఫ్రెంచివాళ్ళు గ్రీకు ముక్కలు తెచ్చి అతుకు పెట్టి, తీరంలోని సంకేత స్తంభాలకు ఈ పేరు పెట్టుకున్నారు. గద్వాల చీరలో ఒళ్ళు నూలు, అంచు పట్టు. ఇందులో నూలు గ్రీకుది, నేత పారిస్‌ది. అంతకు ముందే, 1794లో, క్లోడ్ షాప్ అనే ఆయన పారిస్ నుంచి లీల్ దాకా బురుజుల మీద కొయ్య చేతులు నిలిపి, వాటిని తిప్పిస్తూ వార్తలు నడిపాడు. ఆ చేతిని 1840ల మొదట్లో లండన్ పక్కన న్యూ క్రాస్ దగ్గర గ్రెగరీ అనే ఇంజినీరు రైలుకు అంటగట్టాడు.

స్వరూపం: కంబం కొసన ఎర్ర రంగు పలక, చివరి దగ్గర నిలువుగా తెల్ల పట్టె. పలక మొదలు దగ్గర రెండు గాజు కండ్లు, ఒకటి ఎర్రది, ఒకటి పచ్చది. వాటి వెనక రాత్రిళ్ళు కిరోసిన్ దీపం. ఇనుప నిచ్చెనెక్కి ఆ దీపం పెట్టే మనిషిని చూసి, పెద్దయితే నేనూ ఆ పనే చేయాలనుకున్నాను. కంబం కింద నుంచి సన్న తీగ చక్రాల మీదుగా స్టేషన్ దాకా పోతుంది. అక్కడ లీవరు లాగితే ‘కిర్ర్’ మని తీగ కదులుతుంది, ఇక్కడ చెయ్యి ‘టక్’ మని వాలుతుంది. తాత చెవి ఆ టక్ మీదే ఉండేది. కంటి చూపు తగ్గినా సూత్రం తప్పకపోవడానికి కారణమిదే.

పూర్వపక్షం: పడుట అశుభం కదా? గోడ పడ్డది, ఎద్దు పడ్డది, ధర పడ్డది అన్నచోట ఎవరూ సంతోషించరు. చెయ్యి పడితే జనం సంబరంగా లేవడమేమి?

సమాధానం: పాలమూరులో కూర్చుని ఈ ప్రశ్న వేయరాదు. వాన పడ్డది అన్న మాటను మించిన శుభవార్త ఇక్కడ లేదు. పైగా మన రైళ్ళ పాత పద్ధతిలో చెయ్యి అడ్డంగా నిలిస్తే ఆగు, కిందికి వాలితే రా. చెయ్యి పైకి లేస్తే రమ్మనే పద్ధతీ ఉంది. అక్కడ సూత్రం ‘సిగ్నల్ లేసె, లెవ్వుండ్రి’ అయ్యేది. పునరుక్తి దోషం. తాత ఒప్పుకునేవాడు కాదు.

మరి మామూలుగా అడ్డంగానే ఎందుకుండాలి? 1876 జనవరిలో ఇంగ్లండులోని అబట్స్ రిప్టన్ దగ్గర మంచు పట్టి చేతులు ‘రా’ అన్నట్టే బిగుసుకుపోయాయి. బండి మీద బండి వచ్చి పడింది. అక్కడి పడుట మాత్రం అశుభమే. ఆ పాఠం తర్వాత, ఆగమనడమే చేతి సహజస్థితి అయింది. తీగ తెగినా బరువు లాగి చెయ్యి అడ్డంగా నిలబడాలి. మనకు మంచు లేదు, మే నెల ఉంది. ఎండకు తీగ సాగి చెయ్యి సగమే వాలుతుంది. సగం వాలిన చేతిని డ్రైవరు ‘ఆగు’ అనే చదువుకోవాలి.

ప్రయోగాంతరాలు: ‘క్రాసింగ్ పడె’ అంటే ఎదురు బండి కోసం మన బండి ఆగిందని. ‘సిగ్నల్ పడె’ అంటే కదిలిందని. క్రియ ఒక్కటే, ఫలం తలకిందులు. హైదరాబాదులో ఆటో డ్రైవరు ‘సిగ్నల్ పడ్డదన్నా’ అంటే ఎర్ర దీపం వచ్చింది, బ్రేకు వేశాడని అర్థం. 1990లలో బ్రాడ్ గేజి వచ్చాక చేతులు పోయి దీపాలు మిగిలినా, దీపం కూడా మనకు ‘పడుతూనే’ ఉంది. పోయిన చేతి బరువు క్రియలో ఉండిపోయింది. స్పెయిన్‌లో కథ ఇంకోలా తిరిగింది. అక్కడ చౌరస్తా దీపానికే ‘సెమాఫోరో’ అని పేరు.

శ్లేష: బీటెక్ చదివిన మా పిన్ని కొడుకు వల్ల తెలిసిందిది. కంప్యూటర్లో ఒకే వస్తువు కోసం పది పనులు ఎగబడితే వాటిని వరుసలో నిలబెట్టే లెక్కకు కూడా సెమాఫోర్ అనే పేరు. 1960ల మొదట్లో డచ్ పండితుడు డైక్‌స్ట్రా పెట్టాడు. ఒంటి లైను మీద రెండు స్టేషన్ల మధ్యకు ఒక్క బండే పోవాలి, ఆ రోజుల్లో అనుమతి గుర్తయిన టోకెన్ గుండు చేతికి అందకుండా డ్రైవరు కదలరాదు. ఇదీ అదే ధర్మం. డైక్‌స్ట్రా సెమాఫోర్‌లో క్రియలు రెండే. ‘పి’ లెక్కను దించుతుంది. ‘వి’ లెక్కను పెంచి, కాచుకుని నిద్రపోతున్న పనిని లేపుతుంది. పాఠకులు మూలాన్ని మరోసారి చూడగలరు. పడె: పకారం, దించుట. లెవ్వుండ్రి: వకారం, లేపుట. డైక్‌స్ట్రా గద్వాల వచ్చిన దాఖలా లేదు గనుక దీన్ని కాకతాళీయం అంటున్నాను. మా పిన్ని కొడుకు ఒప్పుకోవడం లేదు.

ఆధునిక ప్రయోగం: మొన్న ఇటిక్యాలలో మా అబ్బాయి ఫోన్ పట్టుకుని మిద్దె మీద అటూ ఇటూ తిరుగుతున్నాడు. చివరికి పిట్టగోడ మూలన చెయ్యి పైకెత్తి ‘సిగ్నల్ పడ్డది!’ అని అరిచాడు. కింద కునుకు తీస్తున్న మా నాయన మంచం దిగి, చెప్పుల కోసం కాలితో వెతుకుతున్నాడు.