బ్రేకుపైపు పద్యానికి టీకా తాత్పర్యం

మూలం

డిస్కు వేసినంత రిస్కు తీరదు సుమీ
పాత పైపులున్న మూత పడును
గాలి దూరెనేని కాలు నేలను తాకు
లాలపేటవాని లౌక్య మిదియె

అవతారిక. 1978 మోడల్ ప్రీమియర్ పద్మినికి ముందు చక్రాల డ్రమ్ములు తీయించి డిస్కులు వేయిద్దామని లాలాపేటలో ఒక షెడ్డుకు తీసుకెళ్లాను. ఉస్తాద్ బండి కిందికి దూరి, బయటికి వచ్చి అన్నాడు: "డిస్కులేస్తే అయిపాయెనా సార్? పైపులు గివే ఉంచితే గాలి గుంజుతది, పెడల్ కిందికి పోతది." ఆయన చెప్పింది వచనం. ఆటవెలదిలో ఇరికించిన పాపం నాది. మెదక్ వైపు కొల్చారం వాడని చెప్పుకునే మల్లినాథసూరి కాళిదాసుకు చేసిన సేవే బ్రేకుపైపుకు నేను చేస్తున్నాను. అక్కర లేని మాట రాయనని ఆయన ఒట్టు పెట్టుకున్నాడు. నేను పెట్టుకోలేదు.

ప్రతిపదార్థం. *డిస్కు* = చక్రంతో పాటు తిరిగే ఇనుప పళ్లెం; రెండు వైపుల నుంచీ ప్యాడ్లు దాన్ని నొక్కుతాయి. లాంచెస్టర్ దొర దీనికి 1902లోనే పేటెంటు తీసుకున్నాడు. 1953లో లెమాన్స్ పందెం డిస్కుల జాగ్వార్ గెలిచేదాకా లోకానికి గురి కుదరలేదు. *వేసినంత* = బిగించినంత మాత్రాన; అడ్వాన్సు ఇచ్చినంత మాత్రాన అని కొందరు. *సుమీ* = గణం కోసం వేసింది, అర్థం వెతకొద్దు.

*పాత పైపులున్న* = పద్యానికి ప్రాణం ఇక్కడుంది. డ్రమ్ములో ముందు షూ, తిరిగే డ్రమ్ము తనను ఈడ్చుకుపోతుంటే ఇంకా గట్టిగా కరుచుకుంటుంది. అంటే కాలికి కొంత శ్రమ తగ్గిస్తుంది. డిస్కుకు ఆ ఉపకారబుద్ధి లేదు. ఎంత నొక్కితే అంతే పట్టు. కనుక పైపులో ఒత్తిడి మునుపటికన్నా పెరగాలి. అది ఓర్చుకోవలసింది నలభై ఏళ్లు దాటిన, 4.75 మిల్లీమీటర్ల లావున్న ఉక్కుగొట్టం. ఉస్తాద్ స్క్రూడ్రైవరు మొనతో క్లిప్పు పక్కన గీకి చూపించాడు. నల్లరంగు పొలుసులుగా ఊడింది. కింద మిరియపు గింజంత తుప్పు గుంట, దాని అంచున సన్నటి తడి. పొడిగా ఉండవలసిన చోట అది. నేను మాట్లాడలేదు.

*మూత పడును* = ఏది? కవి చెప్పలేదు. షెడ్డు అని ఒక వర్గం, కన్ను అని మరో వర్గం. రెండో అర్థమే ధ్వని.

*గాలి దూరెనేని కాలు నేలను తాకు* = బ్రేక్ ఆయిల్ అణగదు, గాలి అణుగుతుంది. పైపులో బుడగ ఉంటే పెడల్ నొక్కిన బలమంతా దాన్ని చిదమడానికే పోతుంది. పాదం ఫ్లోరుదాకా వెళ్తుంది, బండి తన దారిన తాను వెళ్తుంది. నీరు చేరినా ఇదే గతి, వేడికి మరిగి ఆవిరి బుడగ అవుతుంది. డాట్ 4 ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు కనీసం 230 డిగ్రీల దాకా మరగదు. తేమ పీల్చాక ఆ హామీ 155 డిగ్రీలే.

శంక. పక్కింటి పెద్దాయన లాలాగూడ రైల్వే వర్క్‌షాపులో రిటైరయ్యారు. ఆ వర్క్‌షాపు నైజాం రైల్వే రోజుల్లో, 1893లో మొదలైంది. ఆయన ఆక్షేపణ: "మా రైలు బ్రేకు గాలితోనే పడుతుందయ్యా. మీరేమో గాలి వద్దంటారు?"

సమాధానం. రైలు పైపులో 5 కిలోల ఒత్తిడితో గాలి నిండి ఉన్నంతసేపూ బ్రేకు వదిలి ఉంటుంది. గాలి పోతే పడుతుంది. కాబట్టి పైపు తెగితే రైలు ఆగుతుంది. పద్మినిలో పైపు తెగితే బండి తప్ప అన్నీ ఆగుతాయి. పైగా పెడల్ నొక్కితే ఆయిల్‌ను పైపుల్లోకి తోసే మాస్టర్ సిలిండర్ నా బండిలో ఒంటిది. ఎక్కడ కారినా నాలుగు చక్రాలకీ ఒకేసారి సెలవు. దాన్నీ మార్చి రెండు గదులది పెట్టించాను. డ్రమ్ముల కోసం కొంచెం ఒత్తిడి పట్టి ఉంచే బుల్లి వాల్వు పాతదాని లోపల ఉంటుంది. అది అలాగే ఉంటే డిస్కు ప్యాడ్లు వదలకుండా రాసుకుంటాయి. పెద్దాయన ఒప్పుకున్నారు. తర్వాత వాక్యూమ్ బ్రేకుల గురించి గంటసేపు చెప్పారు.

క్రియాభాగం. కొత్త గొట్టం రాగి-నికెల్‌ది తీసుకున్నాం. వట్టి రాగి అదురుకు గట్టిపడి చీలుతుంది. కొన మీద రెండు మడతల ఫ్లేరు కొట్టాలి. ఇక్కడొక శాస్త్రరహస్యం: ఫ్లేరు కొట్టక ముందే నట్టు ఎక్కించాలి. కుర్రాడు నున్నగా, ముచ్చటగా మొదటి ఫ్లేరు కొట్టి పైపు పైకెత్తి చూపించాడు. నట్టు బల్ల మీదే ఉంది. ఉస్తాద్ తిట్టలేదు, రంపం అందించాడు.

తర్వాత గాలి తీయడం. మాస్టర్ సిలిండర్‌కు అన్నింటికన్నా దూరం వెనక ఎడమ చక్రం. అక్కణ్ణుంచి మొదలు. పెడల్ దగ్గర నేను, నిపుల్ దగ్గర ఉస్తాద్. "మారో... మారో... పకడ్!" అంటే పట్టి ఉంచాలి. ఆయన నిపుల్ వదులు చేయగానే తెల్లగొట్టంలోంచి సీసాలోకి బుడగలు వరసగా దిగేవి, నా కాలు కిందికి కుంగేది. ఆయన బిగించాకే కాలెత్తాలి. మూడోసారి తొందరపడి ఎత్తాను, పోయిన గాలి తిరిగొచ్చింది. ఈలోగా ఆయిల్ చుక్క మడ్‌గార్డు మీద పడితే తుడవడం మరిచాను. పెయింటు ముడతలు పడింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది.

విశేషాలు. పద్మిని నాయికల్లో మొదటి జాతి, నడక మందం. మందం కాబట్టే ఇన్నాళ్లు డ్రమ్ములతో నెట్టుకొచ్చింది. 'లాలపేట'లో దీర్ఘలోపం ఛందస్సు కోసం. బస్సు కండక్టర్లు ఛందస్సు లేకుండానే చేస్తారు.

తాత్పర్యం. ఖర్చు చక్రం దగ్గర కనిపిస్తుంది, బండిని ఆపే ఒత్తిడి మాత్రం కనిపించని గొట్టంలో నడుస్తుంది.

రాత్రి బండి కింద పాత పేపర్లు పరిచాం. పొద్దున్నే చూస్తే చక్రాల దగ్గరవన్నీ పొడి. మధ్యలో ఒకదాని మీద రూపాయి బిళ్లంత మరక. నా గుండె జారింది. ఉస్తాద్ వేలితో అద్ది వాసన చూశాడు.

"పైపులది కాదు సార్. ఇంజిన్ ఆయిల్. దీని మీద ఇంకో పద్యం రాస్కోన్రి."