కొమ్మల పిన్నిగారు

ప్రతి వీధికీ ఒక కొమ్మల పిన్నిగారు ఉంటారు. గుమ్మంలో అడుగుపెట్టగానే మనం "రండి, కూర్చోండి" అంటాం. ఆవిడ కూర్చోరు. చూపు మన భుజం మీదుగా పెరట్లోకి వెళ్లిపోతుంది. "మీ నందివర్ధనం ముద్దదా, ఒంటిరేకుదా?" అంటారు. ఆవిడకి తెలిసిన కుశలప్రశ్న అదొక్కటే.

సంచిలో కత్తెర, తడిగుడ్డ పీలిక, ప్లాస్టిక్ కవరు ఎప్పుడూ ఉంటాయి. పెళ్లికి వెళ్లినా పరామర్శకు వెళ్లినా ఆ సరంజామా వెంట ఉండాల్సిందే. మేనల్లుడి పెళ్లిచూపుల్లో పిల్ల కాఫీ పట్టుకొచ్చేసరికి ఆవిడ డాబా మీద ఉన్నారట. ఇల్లు ఎన్ని గదులో లెక్క చూస్తున్నారని ఆడపెళ్లివారు కంగారుపడ్డారు. ఆవిడ దిగివచ్చి, "సంబంధం ఖాయం చేసుకోండి. వీళ్లకి పసుపు ముద్దమందారం ఉంది" అని తేల్చేశారు.

మొక్క కొనడమంటే ఆవిడకి నామోషీ. కడియం నర్సరీలకు వెళ్లి కూడా, "కత్తిరించి పారేసినవేమైనా ఉన్నాయా బాబూ?" అని అడిగి వచ్చిన మనిషి. మందారం, గన్నేరు, నందివర్ధనం, నూరువరహాలు కొమ్మ గుచ్చితే బతికేవేగా, ఒకసారి నాటుకుంటే ఏళ్ల తరబడి పూసేవేగా, డబ్బు తగలెయ్యడం దేనికంటారు. పెన్సిలంత లావున, జానెడు పొడవున, కణుపు కిందుగా కోస్తారు. రెండు కణుపులైనా మట్టిలో దిగాలి. అడిగి తెచ్చినదానికన్నా అడక్కుండా తెచ్చిన కొమ్మే బాగా నాటుకుంటుందని ఆవిడ గట్టి నమ్మకం. శాస్త్రం ఒప్పుకోకపోయినా ఆవిడ పెరడు ఒప్పుకుంటుంది.

జనవరి వచ్చిందంటే మా వీధిలో మల్లెచెట్లన్నిటి బాధ్యతా ఆవిడదే. "నీళ్లు మానెయ్ అమ్మాయ్, ఆకు దూసెయ్, కొమ్మలు కత్తిరించు. ఎండలు ముదిరేసరికి చెట్టంతా మొగ్గే" అని చెప్పి, మనకెందుకు శ్రమని తనే కత్తిరిస్తారు. సలహా మనకి, కొమ్మలు ఆవిడకి.

ఆవిడ పెరట్లో మొక్కల్ని ఇచ్చినవాళ్ల పేర్లతో పిలుస్తారు. "బోటనీ మాస్టారికి పిండినల్లి పట్టింది, వేపనూనె కొట్టాలి." "పోస్టుమాస్టరుగారి భార్య ఈ ఏడు సరిగా పూయలేదు, ఎండ చాల్లేదు పాపం." కొత్తగా వచ్చినవాళ్లు ఉలిక్కిపడతారు. కనకాంబరానికి మాత్రం ఏ పేరూ లేదు. ఎండిన కాయ తడి తగిలితే చిటుక్కున పేలి గింజలు విసురుతుంది గనక, అదే గోడ దూకి వచ్చిందని ఆవిడ వాదన. పక్కింటివాళ్లు గోడ ఎత్తు చూసి ఊరుకున్నారు.

బ్రహ్మకమలం పూసిన రాత్రి వీధి వీధంతా ఆవిడ వాకిట్లోనే. రాత్రి 9 దాటాక విచ్చుకున్న పువ్వు తెల్లారేసరికి వాలిపోతుంది. ఆలోపే హారతి, ఫొటోలు, పులిహోర. బోటనీ మాస్టారు ఆగలేక, "ఇది అసలు బ్రహ్మకమలం కాదండీ. మెక్సికో వైపు నుంచి వచ్చిన కాక్టస్ జాతి. అసలుది హిమాలయాల్లో పూస్తుంది" అన్నారు.

"పూయనివ్వండి. అక్కడ మనకి కొమ్మెవరిస్తారు?" అని పిన్నిగారు పులిహోర వడ్డించారు.

మొన్నటి ఎండలకి వీధిలో సగం మొక్కలు మాడిపోయాయి. ఇన్నాళ్లూ ఆవిడ వస్తున్నారంటే పెరటి తలుపు గడియ పెట్టుకున్నవాళ్లే ఇప్పుడు ఆవిడ గుమ్మం ముందు వరస కట్టారు. అందరికన్నా ముందు మాస్టారు. మందారం పోయిందని చెప్పడానికి నసుగుతున్నారు.

"పోలేదండీ. మాస్టారు మా పెరట్లో నిక్షేపంలా ఉన్నారు" అని ఆవిడ కత్తెర తీసి, రెండు కొమ్మలు కోసి, తడిగుడ్డలో చుట్టి చేతిలో పెట్టారు. ఆయన కళ్లజోడు తీసి తుడుచుకుంటుంటే, మెల్లగా అడిగారు:

"మీ చెల్లెలుగారింట్లో ఊదారంగు డిసెంబరాలున్నాయటగా, మళ్లీ ఎప్పుడు వెళ్తారు?"