స్టార్ట్ బటన్ చదువు

మన బడుల్లో కంప్యూటర్లకు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ ఉండాలన్నది తేల్చడానికీ ఓ కమిటీ ఉంటుంది. పీటల మీద కూర్చోబెట్టాక ‘అబ్బాయి నచ్చాడా?’ అని పెళ్లికూతుర్ని అడిగినట్టు, డబ్బాలు లారీ దిగాక అది సమావేశమవుతుంది. లోపల ఉన్నది విండోస్. కమిటీ ఎంచుకున్నదీ, చిత్రంగా, విండోసే.

కారణం అడిగితే జవాబు సిద్ధం: ‘‘రేపు ఉద్యోగాల్లో వాడేది అదే కదండీ!’’ ఎంత ముందుచూపు! 2004 వేసవికి ఆరో తరగతి గట్టెక్కినవాడు బీటెక్ ముగించేది 2014లో. సరిగ్గా ఆ ఏప్రిల్‌లోనే, వాడు ల్యాబులో నేర్చుకున్న విండోస్ ఎక్స్‌పీకి కంపెనీ సపోర్టు ఆపేసింది. అంతకుముందే, 2012లో, విండోస్ 8 వచ్చి స్టార్ట్ బటన్‌నే ఎత్తేసింది. బోర్డు మీద బొమ్మ గీసి, బాణం గుర్తు పెట్టి, మన పిల్లల చేత బట్టీ కొట్టించిన బటన్! జనం గోల పడలేక మరుసటి ఏడాది తిరిగి తెచ్చారు గాబట్టి మన సిలబస్ పరువు దక్కింది.

పోనీ, ఆ ఉద్యోగాలైనా చూద్దాం. హైటెక్ సిటీలో మనవాళ్లు రాత్రంతా మేలుకుని కాపలా కాసే సర్వర్లలో బోలెడన్ని నడిచేది లినక్స్ అనే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్ మీద. హెడ్‌మాస్టరు గారి జేబులోని ఆండ్రాయిడ్ ఫోనుకు మూలం లినక్సే. ప్రపంచంలోకెల్లా వేగమైన 500 సూపర్ కంప్యూటర్లూ 2017 నవంబరు నుంచి దాని మీదే పనిచేస్తున్నాయి. అయినా పిల్లలకు అది ‘కష్టం’! కేరళ ప్రభుత్వ బడుల్లో ఏళ్ల తరబడి ఆ కష్టం మీదే పదో తరగతి ఐటీ పరీక్ష రాస్తున్నారు. అక్కడి పిల్లల బుర్రలు వేరే మట్టితో చేశారేమో. కేంద్ర ప్రభుత్వ సంస్థ సీడాక్ వారి బాస్ లినక్స్ ఉంది, హైదరాబాద్‌లో పుట్టిన ‘స్వేచ్ఛ’ సంస్థ తెలుగులోనే సిస్టమ్ తయారుచేసి ఇచ్చింది. అయితే వాటికి కమిషన్ ఇచ్చే డీలరు లేడు. అర్హతల్లో అదీ ఒకటి మరి.

న్యాయంగా ఒక మాట ఒప్పుకోవాలి. వందల యంత్రాలను ఒకచోట కూర్చుని అదుపు చేయడానికి విండోస్ దగ్గర యాక్టివ్ డైరెక్టరీ, గ్రూప్ పాలసీ లాంటి గట్టి సరంజామా ఉంది. పెద్ద ఆఫీసు ఆ వాదన తెస్తే నేను నోరెత్తను. మన బడి ల్యాబుల్లో వాటిని ఎవరైనా తెరిచారా? అక్కడ వాల్‌పేపర్ మారకుండా కాపాడుతున్నది గ్రూప్ పాలసీ కాదు, తలుపుకు వేసిన తాళం.

2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత సపోర్టు చెల్లిపోయింది. పదకొండు కావాలంటే టీపీఎం 2.0 అనే భద్రతా చిప్ ఉండాలి, ఇంటెల్ ప్రాసెసరయితే దాదాపుగా ఎనిమిదో తరానిదో ఆపైదో కావాలి. ఫ్యాను కూడా చప్పుడు చేయని యంత్రాలు రాత్రికి రాత్రి పాత ఇనుము కింద జమ. వాటిలో లినక్స్ వేస్తే ఇంకా కొన్నేళ్లు ఆడతాయి గానీ, కొనుగోలే లేని పనికి కమిటీ ఎందుకు? కాబట్టి కొత్త టెండరు. షరతులు ఎవరూ కూర్చుని రాయరు, పాత టెండరు తెరిచి తేదీ మారుస్తారు. కాపీ, పేస్టు మాత్రం మన కమిటీలకు ఏ ఆపరేటింగ్ సిస్టమ్ మీదైనా వచ్చు.