పొరుగింటి పుల్లకూర, అర్జెంటీనా పాయసం

పొరుగింటి పుల్లకూర రుచి అన్న పెద్దమనిషి ఫుట్‌బాల్ చూసి ఉండడు. ఈ ఆటలో పొరుగింటి కూర మనకి సయించదు. సముద్రాలవతల వండిన పాయసమే కావాలి. నమ్మకపోతే ప్రపంచ కప్పు నెలలో కోల్‌కతా వెళ్లి చూడండి. ఒక సందంతా నీలం తెలుపు, పక్క సందంతా పసుపు ఆకుపచ్చ. అర్జెంటీనా ఓడితే అన్నం మానేసే మేనమామలు, బ్రెజిల్ ఓడితే ఆఫీసుకి సెలవు పెట్టే గుమాస్తాలు ఇంటికొకరు.

మన ఇరుగుపొరుగు దేశాలకీ ఓ కప్పుంది. శాఫ్ ఛాంపియన్‌షిప్ అంటారు. 1993లో లాహోర్‌లో సార్క్ గోల్డ్ కప్ పేరుతో పుట్టి, 2023 దాకా 14 సార్లు జరిగింది. ఢాకా, ఖాట్మండు, కొలంబో, కరాచీ, మాలె అన్నీ తిరిగింది. మన దేశం వచ్చినప్పుడు గోవాలో దిగింది, ఢిల్లీలో దిగింది, తిరువనంతపురంలోనూ బెంగళూరులోనూ దిగింది. ఫుట్‌బాల్ రాజధానినని చెప్పుకునే కోల్‌కతాలో మాత్రం ఒక్కసారీ దిగలేదు. ఆడవాళ్ల శాఫ్ కప్పు 2016 చివర్లో సిలిగురి దాకా వచ్చింది పాపం. అక్కణ్ణుంచి అటే పోయింది.

ఒకప్పుడిలా లేదు. 1952 నుంచి 1955 వరకు భారత్, పాకిస్తాన్, బర్మా, సిలోన్ కలిసి నాలుగు జట్ల కప్పు ఆడుకున్నాయి. మొదట కొలంబో, తర్వాత రంగూన్, 1954లో కలకత్తా, ఆ మరుసటేడు ఢాకా. దేశం రెండు ముక్కలై అప్పటికి ఏడేళ్లే. అయినా పాకిస్తాన్ జట్టు కలకత్తా వచ్చింది, ఆడింది, వెళ్లింది. కప్పు మన దగ్గరే ఉండిపోయింది. ఇప్పుడు మనం బాగా ఎదిగాం. 2023లో శాఫ్ కప్పుకి బెంగళూరు రావలసిన పాకిస్తాన్ జట్టు, వీసాలు ఆలస్యమై, సరిగ్గా ఆట రోజునే విమానం దిగింది. ఆ సాయంత్రమే నాలుగు గోల్స్ తినిపించి పంపాం, అందులో మూడు ఛెత్రీవే. మన కోచ్ స్టిమాచ్ గారికి అదీ చాల్లేదు. పాకిస్తాన్ ఆటగాడు త్రో వేయబోతుంటే చేతిలోని బంతి లాగేసి ఎర్ర కార్డు పుచ్చుకున్నారు. కువైట్‌తో ఆడిన రోజు ఇంకొకటి. దాంతో సెమీస్, ఫైనల్ రెండిటికీ ఆయన బెంచీ మీద లేరు. ఆ రెండూ గెలిచాం.

దక్షిణాసియా కప్పులో కువైట్‌కేం పని అంటారా? శ్రీలంక అప్పుడు ఫిఫా నిషేధంలో ఉంది. అఫ్గానిస్తాన్ 2013లో మనల్నే ఓడించి కప్పు పట్టుకుపోయి, ఆ తర్వాత మధ్య ఆసియా సంఘంలో చేరిపోయింది. లెక్క తక్కువైతే బాగుండదని కువైట్‌నీ లెబనాన్‌నీ పిలిచారు. సెమీస్‌లో లెబనాన్‌నీ ఫైనల్లో కువైట్‌నీ పెనాల్టీల మీద నెగ్గి మనం దక్షిణాసియా విజేతలమయ్యాం. ఇంట గెలిచి రచ్చ గెలవమన్నారు పెద్దలు. మనం రచ్చనే ఇంటికి పిలిపించుకుని గెలిచాం. అది తొమ్మిదో కప్పు. జనాభాలో మన గుంటూరు నగరానికి సరిపోని మాల్దీవులు రెండుసార్లు గెలిచింది, రెండుసార్లూ ఫైనల్లో మన మీదే. ఆ ముక్క చెవిన వేసుకోకూడదు.

కోల్‌కతా జనాన్ని మాత్రం ఏమీ అనడానికి లేదు. 2019 అక్టోబర్ 15న ప్రపంచ కప్పు క్వాలిఫయర్‌కి బంగ్లాదేశ్ వస్తే, సాల్ట్ లేక్ స్టేడియానికి అరవై వేల పైచిలుకు మంది కదిలారు. ఆటకి ముందు రెండు జాతీయ గీతాలు. రెండూ రవీంద్రుడివే. ఎవరు గెలిచినా రాయల్టీ ఒక్క ఇంటికే. (శ్రీలంక గీతం కట్టిన ఆనంద సమరకూన్ కూడా శాంతినికేతన్‌లో చదివినవాడే. శాఫ్ కప్పుకి మైకుసెట్టు అక్కడి బోల్‌పూర్‌లోనే అద్దెకి తీసుకోవచ్చు.) అసలు చిక్కంతా గ్యాలరీలో ఉంది. ఈస్ట్ బెంగాల్ క్లబ్బు జెండా పట్టుకుని పెరిగినవాళ్లలో సగంమంది తాతలది పద్మా నది అవతలి ఊరే. తాత ఊరివాళ్లు గోల్ కొడితే ఏం చేయాలి, అరవాలా, నోరు మూసుకోవాలా? ఆ ఏడు దసరాకి ఢాకా ప్రభుత్వం ఎగుమతి నిషేధం సడలించి 500 టన్నుల ఇలిష్ పంపింది. మన గోదావరి పులసే అది, వాళ్ల దగ్గర ఆ పేరు. విజయదశమి వెళ్లి వారం తిరిగేసరికి, 42వ నిమిషంలో గోల్ కొట్టి చేపల బాకీ వసూలు చేసుకున్నారు. 88వ నిమిషంలో ఆదిల్ ఖాన్ తల అడ్డుపెడితే గానీ 1-1 కాలేదు.

2025 నవంబర్ 18న ఢాకాలో ఆ డ్రా కూడా దక్కలేదు. 1-0. బంగ్లాదేశ్ మన మీద గెలవడం 22 ఏళ్ల తర్వాత అదే. ఆసియా కప్పు ఆశలు అంతకు నెల ముందే ఆవిరయ్యాయి కనుక కొత్తగా పోయిందేమీ లేదని సరిపెట్టుకున్నాం.

పోయిన పరువుకి మందు 25 రోజుల్లో దొరికింది. డిసెంబర్ 13న మెస్సీ సాల్ట్ లేక్ వచ్చాడు. ఆడటానికి కాదు, కనపడటానికి. 2011లో ఇదే గడ్డ మీద వెనెజులాతో నిజంగానే ఆడాడు గానీ, అప్పుడు ఇంత హడావిడి లేదు. ఈసారి వేలకు వేలు పోసి టికెట్లు కొన్నవాళ్లకి నాయకుల వీపులు కనిపించాయి, నాయకుల వెంట వచ్చినవాళ్ల వీపులు కనిపించాయి, ఆ వీపుల మధ్య ఎక్కడో ఓ గడ్డం. కాసేపటికి గడ్డం కూడా వెళ్లిపోయింది. సీసాలు లేచాయి, కుర్చీలు లేచాయి. ముఖ్యమంత్రి క్షమాపణ చెప్పారు. లేక్‌టౌన్‌లో నిలబెట్టిన 70 అడుగుల మెస్సీ విగ్రహం మాత్రం ఎక్కడికీ పోలేదు, ఎవరైనా ఎంతసేపైనా చూసుకోవచ్చు.

ఆ సాయంత్రమే ఆయన మన ఉప్పల్‌లో దిగాడు. ఇక్కడ కుర్చీలు విరగలేదు, ముఖ్యమంత్రి కూడా బంతి తన్నారు. ఒకప్పుడు కలకత్తాకి ఆటగాళ్లను అందించిన ఊరిది. బడిపంతులు రహీం సాబ్ తీర్చిదిద్దిన హైదరాబాద్ పోలీస్ జట్టు 1950 నుంచి 1954 దాకా వరసగా అయిదేళ్లు రోవర్స్ కప్పు ఎగరేసుకొచ్చింది. 1962 జకార్తా ఏషియాడ్ బంగారం ఆయన శిక్షణలోనే దక్కింది. ఆయన్ని మనకి గుర్తుచేయడానికి 2024లో అజయ్ దేవగణ్ సినిమా రావలసి వచ్చింది. సికింద్రాబాద్ కుర్రాడు తులసీదాస్ బలరాం ఈస్ట్ బెంగాల్‌కి ఆడటానికి వెళ్లి, ఆ దగ్గర్లోనే ఉత్తర్‌పాడాలో స్థిరపడి, 2023లో కోల్‌కతాలో కన్నుమూశాడు. ఆయనకి ఇక్కడ ఎంతెత్తు విగ్రహం ఉందని మాత్రం అడక్కండి. 2022లో ఐఎస్‌ఎల్ గెలిచిన హైదరాబాద్ ఎఫ్‌సీ అయితే ఢిల్లీకి మకాం మార్చి, పేరూ మార్చుకుంది. పోలీసు జట్టుతో పేరు తెచ్చుకున్న ఊళ్లో ఏకంగా క్లబ్బే తప్పిపోతే ఫిర్యాదు రాసినవాడు లేడు.

మెస్సీ వచ్చిపోయిన వారానికి, డిసెంబర్ 20న, ఖాట్మండులో కోల్‌కతా జట్టొకటి ఇరుగుపొరుగు క్లబ్బుల మీద నెగ్గి కప్పు పట్టుకొచ్చింది. శాఫ్ ఆడవాళ్ల క్లబ్బుల పోటీ, జరగడం అదే మొదటిసారి. గెలిచింది ఈస్ట్ బెంగాల్, ఫైనల్లో ఓడింది నేపాల్ ఏపీఎఫ్. మన నిజామాబాద్ జిల్లా అమ్మాయి సౌమ్య గుగులోత్ ఆడేది ఈస్ట్ బెంగాల్‌కే. అక్కడిదాకా వెళ్లి వీపులు అడ్డుపెట్టే ఓపిక మన నాయకులకి లేకపోయింది కాబట్టి, చూడ్డానికి వచ్చినవాళ్లకి ఆట మొత్తం కనపడింది.