మర్రి కాడ మలుగు: సటీకాతాత్పర్యం

అవతారిక

కోలాచలం మల్లినాథసూరి మన మెదక్ సీమవాడు. ఆధారం లేనిదేదీ రాయనని, అక్కర్లేనిదేదీ చెప్పనని నియమం పెట్టుకుని కాళిదాసు కావ్యాలకు వ్యాఖ్యలు రాశాడు. ప్రస్తుత వ్యాఖ్యాతకు మొదటి నియమం సమ్మతమే. రెండోది పాటిస్తే ఈ వ్యాసం ఇక్కడే ముగిసిపోతుంది కాబట్టి దాన్ని ఆ మహానుభావుడికే వదిలేస్తున్నాం.

సందర్భం ఇది. నాయకుడు ఒక ఆదివారం తెల్లారకముందే సైకిలెక్కి, అప్పా జంక్షన్ దాటి బీజాపూర్ రోడ్డు పట్టాడు. వెంట ఎవరూ లేరు. బయల్దేరినప్పుడు గమ్యమూ లేదు. తెలియని పల్లెదారుల వెంట శంకర్‌పల్లి తేలి, అటునుంచి ఇల్లు చేరాలన్న కోరిక మొయినాబాద్ దాటాక పుట్టింది. రోడ్డు పక్క హోటల్లో చాయ్ తాగుతూ, బెంచీ మీద కూర్చున్న ఒక ముసలాయన్ని దారి అడిగాడు. ఆయన ముందు సైకిల్ని, తర్వాత నాయకుణ్ణి ఎగాదిగా చూసి, "ఒక్కనివే వచ్చినవా? బండి లేదా?" అని అడిగి, జవాబు విని, జాలిపడి, ఇలా సెలవిచ్చాడు.

మూలం

సీదా పో బిడ్డా. మర్రి కాడ మలుగు. దూరమేం లేదు, గీడనే. ఆడ ఎవలనన్న అడుగు.

ప్రతిపదార్థం

బిడ్డా = ఓ నాయనా; సీదా = తిన్నగా; పో = వెళ్ళుము; మర్రి కాడ = మర్రిచెట్టు దగ్గర; మలుగు = తిరుగుము; దూరమేం లేదు = దూరం ఏమాత్రం లేదు; గీడనే = ఇక్కడే; ఆడ = అక్కడ; ఎవలనన్న = ఎవరినైనా; అడుగు = ప్రశ్నించుము.

ఇంతవరకు పరీక్షల గైడులో కూడా దొరుకుతుంది. ఇక టీక.

బిడ్డా. నాయకుడికి చెవుల పక్కన వెంట్రుకలు నెరిశాయి. హెల్మెట్ తలమీద ఉన్నంతసేపు చాయ్ పోసిన పిల్లవాడు 'సార్' అన్నాడు. హెల్మెట్ తీసి చెమట తుడుచుకుని, ఒక్కణ్ణే వచ్చానని, బండి ఇంట్లో ఉన్నా సైకిలే తెచ్చానని చెప్పాక ముసలాయన 'బిడ్డా' అన్నాడు. కాబట్టి ఈ సంబోధన వయసును బట్టి కాక అవస్థను బట్టి వచ్చిందని గ్రహించాలి. రంగురంగుల బనీన్లతో గుంపుగా వచ్చే సైకిలువాళ్ళకు ఇది దక్కదు. వాళ్ళు దారి ఒకరినొకరు అడుక్కుంటారు, లేదా ముందువాడి వెనక చక్రం చూసుకుంటూ పోతారు. ఊరివాళ్ళ నోటి మాట దక్కేది ఒంటరిగా వచ్చినవాడికే.

సీదా. జ్యామితిలో సరళరేఖ అని అర్థం. ఇక్కడ ఆ అర్థం పొసగదు, ఆ రోడ్డు నాలుగు చోట్ల వంపు తిరుగుతుంది. 'ఎన్ని అడ్డదారులు పిలిచినా పెద్ద రోడ్డు విడువక' అని చెప్పుకోవాలి. ఇందులో మరో రహస్యం ఉంది. ఈ రోడ్డుకు ఉత్తరాన మూసీ ఉస్మాన్‌సాగర్‌లోకి, దక్షిణాన ఈసీ హిమాయత్‌సాగర్‌లోకి వచ్చి చేరతాయి. 1908 వరదలు హైదరాబాదును ముంచాక, మళ్ళీ అంత నీరు ఒక్కసారిగా ఊరి మీద పడకుండా కట్టిన చెరువులివి. మొదటిది 1920లో, రెండోది 1927లో పూర్తయ్యాయి. మూసీ పుట్టింది పడమట వికారాబాద్ దగ్గరి అనంతగిరి గుట్టల్లో. పడమటికి సీదాగా పోవడమంటే ఏటికి ఎదురెక్కుతూ పోవడమే. కారులో వెళ్ళేవాడికి ఈ చడావు కనిపించదు, మోకాలికి తెలుస్తుంది. పైగా వానాకాలం నాలుగు నెలలూ గాలి పడమటి నుంచే కొడుతుంది. తిరుగు ప్రయాణంలో పల్లమూ, వెన్ను తట్టే గాలీ దొరుకుతాయన్న ఆశ 'పో' అనే క్రియలో గర్భితమై ఉందని కొందరంటారు. నాయకుడు శంకర్‌పల్లి మీదుగా చుట్టు తిరిగి వస్తానన్నాడు కాబట్టి ఆ ఆశ సగమే ఫలించింది.

మర్రి కాడ. మూలం మొత్తానికి మర్మస్థానం ఇదే. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా సుమారు 46 కిలోమీటర్ల ఈ రోడ్డు పొడవునా దాదాపు 900 మర్రిచెట్లున్నాయి. రెండువైపులా కొమ్మలు కలిసి పందిరి వేస్తాయి. ఊడలు బస్సుల టాపులు తగిలి తెగి, మళ్ళీ చిగురిస్తాయి. రోడ్డు వెడల్పు చేయడానికి ఈ చెట్లు అడ్డొస్తున్నాయని ఒక పక్షమూ, కొట్టొద్దని ఒక పక్షమూ గ్రీన్ ట్రిబ్యునల్ దాకా వెళ్ళాయి. అంతటి మర్రుల దారిలో నిలబడి 'మర్రి కాడ మలుగు' అంటే ఎలా?

పూర్వపక్షం: ఇది పునరుక్తి దోషమూ, అతివ్యాప్తి దోషమూ గల వాక్యం. సముద్రం ఒడ్డున నిలబెట్టి 'నీళ్ళ దగ్గర తిరుగు' అన్నట్టుంది.

సమాధానం: కాదు. ఊరివాడి నోట 'మర్రి' అంటే జాతి పేరు కాదు, ఒక్క చెట్టు సొంత పేరు. దాని మొదట్లో సిమెంటు గద్దె ఉంటుంది. గద్దె మీద పసుపూ కుంకుమా పూసిన మైసమ్మ ఉంటుంది, లేదా పేకాడేవాళ్ళు ఉంటారు, ఒక్కోసారి ఇద్దరూ ఉంటారు. బస్సు అక్కడ ఆగుతుంది. ఫ్లెక్సీలు దానికే కడతారు. మిగతా చెట్లన్నీ ఊరి లెక్కలో వట్టి చెట్లు. నాయకుడు నాలుగు మర్రుల కింద వేగం తగ్గించి, అటూ ఇటూ చూసి ముందుకే పోయాడు. ఐదో దాని దగ్గరికి రాగానే సందేహమే కలగలేదు. గద్దె మీద పుట్టినరోజు శుభాకాంక్షల ఫ్లెక్సీ, దాని కింద నిద్రపోతున్న ఆటో డ్రైవర్, పక్కన నారింజ రంగు తల ఉన్న కిలోమీటరు రాయి కనిపించాయి. జాతీయ రహదారి రాయికి పసుపు తల, రాష్ట్ర రహదారికి ఆకుపచ్చ, పల్లెదారికి నారింజ. ఈ మూడు రంగులూ తెలిసినవాడికి సగం దారి తెలిసినట్టే.

మలుగు. ఎటు? మూలంలో లేదు. కుడి, ఎడమ అనే మాటలు వక్త వాడలేదు. లేఖక దోషమని, ఒక పదం జారిపోయిందని కొందరు పండితులు వాదిస్తారు. అది యుక్తం కాదు. ఈ వాక్యం శ్రవ్య కావ్యం కాదు, దృశ్య కావ్యం. దిక్కు అభినయంలో ఉంది. సాధారణంగా హస్తం చూపుతారు. ఇక్కడ వక్త కుడిచేతిలో చాయ్ గ్లాసు, ఎడమచేతిలో బీడీ ఉండటంచేత గడ్డం ఎత్తి చూపాడు. ఆయన తూర్పుకు తిరిగి కూర్చున్నాడు, నాయకుడు ఎదురుగా నిలబడ్డాడు. ఆయన ఎడమ నాయకుడికి కుడి అవుతుందన్న చిక్కు ఇక్కడ వస్తుంది. శంకర్‌పల్లి ఉత్తరాన ఉంది, గడ్డమూ ఉత్తరానికే ఎత్తబడింది కాబట్టి చిక్కు వీడింది. దారి అడిగేవాళ్ళు చెప్పేవాడి నోటిని కాక మొహాన్ని చూడాలన్న నియమం ఇందువల్లే ఏర్పడింది.

గీడనే. ఇది కొలమానం. పూర్వం క్రోసు, ఆమడ ఉండేవి. క్రోసు రెండు మైళ్ళు, ఆమడ నాలుగు క్రోసులు. అవి స్థిరమైనవి, ఇది సాగే గుణం కలది. చెప్పేవాడికి అడిగినవాడి మీద దయ పెరిగే కొద్దీ దూరం తగ్గుతుంది. నాయకుడి మొహం చూసి పది కిలోమీటర్ల పైచిలుకును 'గీడనే' లోకి కుదించాడు ముసలాయన. దీన్ని అబద్ధమనడం తగదు, ఎందుకంటే ఉన్నది ఉన్నట్టు చెబితే నాయకుడు అక్కడినుంచే వెనక్కి తిరిగేవాడు. అలంకారం అతిశయోక్తికి తలకిందులు. లాక్షణికులు దీనికి పేరు పెట్టలేదు. వాళ్ళు సైకిలు తొక్కలేదు.

ఆడ ఎవలనన్న అడుగు. మేఘదూతంలో యక్షుడు రామగిరి నుంచి అలకాపురి దాకా దారంతా ఒక్క ఊపులో చెప్పేస్తాడు. ఏ కొండ మీద అలుపు తీర్చుకోవాలో, ఏ నదిలో నీళ్ళు తాగాలో, వంకరదారి అయినా ఉజ్జయిని ఎందుకు చూడాలో అన్నీ చెబుతాడు. మేఘం మధ్యలో ఆగి ఎవరినీ అడగలేదు కనుక అంతా ముందే చెప్పక తప్పలేదు. మన వక్తకు ఆ అవసరం లేదు. తనకు తెలిసిన పొలిమేర దాకా చెప్పి, తర్వాతి ముక్కను తర్వాతి ఊరివాడికి వదిలాడు. అంతా నాకే తెలుసునన్న గర్వం ఇందులో లేదు. అక్కడ ఎవరో ఒకరు ఉంటారు, వాళ్ళకు తెలిసి ఉంటుంది, అడిగితే చెబుతారు అన్న మూడు నమ్మకాలు మాత్రం ఉన్నాయి.

ఈ మూడింటికీ ఇప్పుడు గండి పడుతోంది. మర్రి దగ్గర కుడికి మలిగాక కాసేపు పూలతోటలు, క్యారెట్ మళ్ళు, పాలీహౌసులు. ఆ తర్వాత గోడలు. 1996లో వచ్చిన 111 జీవో రెండు జలాశయాల చుట్టూ 10 కిలోమీటర్ల పరిధిలోని 84 గ్రామాల్లో కాలనీలను, పరిశ్రమలను కట్టడి చేసింది. 2022లో ఆంక్షలు ఎత్తేస్తూ మరో జీవో వచ్చింది. ఈ మధ్యకాలంలో ఊళ్ళు ఊళ్ళుగానే ఉన్నా, భూములు చేతులు మారి ఫామ్‌హౌసులయ్యాయి. వాటి గోడలు ఒక్కోటి అర కిలోమీటరు పొడవుంటాయి. ఆ గోడల మధ్య నాయకుడికి మొదట ఎదురైన 'ఎవలన్న' ఒక కుక్క. సైకిలు దిగి, దాన్ని అడ్డం పెట్టుకుని కదలకుండా నిలబడితే కుక్క మొరిగి మొరిగి విసిగి పోతుంది. అలాగే పోయింది. రెండో 'ఎవలన్న' గేటు లోపలి వాచ్‌మన్. వందల మైళ్ళ అవతలి ఊరినుంచి వచ్చి, ఆ గేటు దాటి ఎటూ వెళ్ళని మనిషి. "మాలూమ్ నహీ భాయ్" అన్నాడు, నొచ్చుకుంటూనే. మంచినీళ్ళు ఇచ్చాడు. తన ఇంటి ముందు రోడ్డు ఎక్కడికి పోతుందో ఆ పెద్ద ఇంటి యజమానికి తెలుసా అన్న ప్రశ్న వ్యాఖ్యాతకు కలిగింది కానీ అది మూలానికి సంబంధించింది కాదు.

మూడో మనిషి చామంతి బుట్టలు ఆటోకెత్తుతున్న ఒకామె. "గా తూము దాటినంక డాంబర్ రోడ్ వస్తది, ఇగ సీదా శంకర్‌పల్లే" అంది, తలెత్తకుండానే. మూలవాక్యానికి ఇదే ఉత్తరభాగం.

పాఠాంతరాలు

కృష్ణా డెల్టాలో చెట్టు బదులు కాలవ వస్తుంది: కాలవను కుడిచేతివైపు ఉంచుకుని పొమ్మంటారు, లాకుల దగ్గర మళ్ళీ అడగమంటారు. అక్కడ చడావు లేదు కాబట్టి 'ఇక్కడే' అన్న మాట కొంత నమ్మదగ్గది. ఫోన్లోని మ్యాపు పాఠం వేరు. అందులో సంబోధన లేదు, మర్రి లేదు, 'అడుగు' అన్న ముక్క అసలే లేదు. మీటర్లు మాత్రం తప్పకుండా ఉంటాయి. తాళం వేసిన గేటు ముందుకు తెచ్చి నిలబెట్టి, గమ్యం చేరామని ప్రకటించే గుణం కూడా దానికుంది. ఔటర్ రింగు రోడ్డు పక్కన 2023లో తెరిచిన 23 కిలోమీటర్ల సైకిలు ట్రాక్ ఉంది. నెత్తిన సౌరఫలకాల కప్పు, ఎండా వానా తగలవు, లారీల భయం లేదు. ఏ ఊళ్ళోనైనా ఉండాల్సిన సౌకర్యం. కానీ అక్కడ దారి అడగాల్సిన పని లేదు, అందుచేత ఆ దారి మీద వ్యాఖ్యానించడానికి ఏమీ లేదు.

తాత్పర్యం

ఓ నడివయసు బిడ్డా! ఇంట్లో బండి ఉండి కూడా సైకిలు మీద వచ్చావు. గాలికెదురుగా, ఎగువకు, పెద్దరోడ్డు విడవకుండా తొక్కు. చాలా మర్రులు కనిపిస్తాయి, కంగారుపడకు. ఊరంతా మర్రి అని పిలిచే మర్రి ఎదురైనప్పుడు నీకే తెలుస్తుంది. అక్కడ నా గడ్డం చూపిన వైపు తిరుగు. దూరం ఎంతో నాకు తెలుసు, నీకు చెప్పను. మనిషి కనిపించేదాకా పో, కనిపిస్తే అడుగు.

ఈ దారిన వెళ్ళదలచిన పాఠకులకు మనవి: గాలి పంపు, ప్యాచీలు, ఒక ట్యూబు వెంట ఉంచుకోండి. గోడల పక్క సర్కారు తుమ్మ విపరీతంగా పెరిగింది, దాని ముల్లు ఎంత మంచి టైరులోనైనా దిగుతుంది. పంక్చర్ షాపు పెద్దరోడ్డు మీదే ఉంది, లోపలి దారుల్లో లేదు.