నేనొక ప్రొస్టేట్ బ్లాకును

నేను మైనంలో పాతిపెట్టిన కణజాలాన్ని. ల్యాబులో నన్ను బ్లాకు అంటారు. నాలో ఉన్నది ఒక పెద్దాయన ప్రొస్టేట్ గ్రంథి. వయసులో ఉన్నప్పుడు ఇరవై గ్రాములుండే ఆ గ్రంథి ముసలితనంలో పెరిగి మూత్రం దారిని నొక్కేసింది. ఒకనాడు చుక్క కూడా రాక ఆయన ఆస్పత్రిలో చేరారు. డాక్టర్లు మూత్రనాళం గుండా కరెంటు తీగ పంపి గ్రంథిని చిన్న పేళ్లుగా గీకి తీశారు. ఆ పేళ్లే నేను. తీగ తగిలిన అంచుల్లో కణాల కేంద్రకాలు మాడి, సాగి, గీతలయ్యాయి. దానికి నేనెవరినీ తప్పుపట్టను. ఆయనకు మూత్రం సాఫీగా వచ్చింది, అది చాలు.

నా బాధ ఆ తర్వాత జరిగినదాని గురించి. తీసిన ముక్కల్ని వెంటనే, వాటికి కనీసం పదింతల ఫార్మలిన్‌లో వేయాలి. నన్ను అడుగున కాస్త ద్రవమున్న డబ్బాలో పడేసి సాయంత్రం దాకా బల్ల మీద వదిలేశారు. ద్రవం అందని పేళ్లలో కణాలు తమ ఎంజైములకు తామే కరిగిపోయాయి. కేంద్రకాలు అలుక్కుపోయాయి.

ఒంట్లో ఉండగా నా కణాలు ఇలా చావలేదు. అక్కడి చావుకో పద్ధతి ఉంది. 1972లో కెర్, వైలీ, కరీ అనే శాస్త్రవేత్తలు దానికి అపోప్టోసిస్ అని పేరు పెట్టారు. కణం కుంచించుకుపోతుంది, కేంద్రకంలోని క్రోమాటిన్ చిక్కబడి ముద్దకడుతుంది, తర్వాత తునకలవుతుంది. ఆ తునకల్ని ఇరుగుపొరుగు కణాలే మింగేస్తాయి. వాపు ఉండదు, మంట ఉండదు. ఆరోగ్యమైన ప్రొస్టేట్‌లో పుట్టే కణాలూ ఇలా పోయే కణాలూ సరిసమానం. పెద్దాయన గ్రంథిలో పుట్టినన్ని పోలేదు, అందుకే అది ఉబ్బింది. మగ హార్మోను అందకపోతే ఈ కణాలు మళ్లీ చావడం మొదలుపెడతాయి. ఆ హార్మోనుకు మూలమైన వృషణాలు తొలగిస్తే ప్రొస్టేట్ క్యాన్సర్ తగ్గుతుందని 1941లోనే చూపిన చార్లెస్ హగ్గిన్స్‌కు 1966లో నోబెల్ వచ్చింది.

నేను గర్వంగా చెప్పుకునే పని ఒకటుంది. మైక్రోటోమ్ కత్తి నా నుంచి నాలుగు మైక్రాన్ల పొర తీసింది. హెమటాక్సిలిన్ అనే రంగుకు కేంద్రకాలు నీలమయ్యాయి, ఇయోసిన్‌కు మిగతాదంతా గులాబీ అయింది. పథాలజిస్టు మేడమ్ ఆ స్లైడును చాలాసేపు చూశారు. ఎక్కువ పేళ్లలో ఉన్నవి మామూలు గ్రంథులే: రెండు వరసల కణాలు, చిన్న కేంద్రకాలు. ఒక్క పేడులో మాత్రం బుల్లి గ్రంథులు ఇరుకిరుగ్గా ఉన్నాయి. బయటి వరస లేదు. కేంద్రకాలు పెద్దవి, వాటి మధ్య ముదురు రంగులో కేంద్రకాంశం. అది క్యాన్సర్. ఎవరూ అనుమానించని జబ్బును నేను బయటపెట్టాను. తీవ్రతకు ఇచ్చే గ్లీసన్ స్కోరు గ్రంథుల అమరికను బట్టే ఉంటుంది గానీ, అసలు క్యాన్సరా కాదా అని తేల్చేటప్పుడు కేంద్రకం సాక్ష్యం కావాలి. అలుక్కుపోయిన పేళ్లు ఆ సాక్ష్యం చెప్పలేకపోయాయి. వాటిలో ఇంకెంత జబ్బు ఉందో ఆమెకు తెలియలేదు.

తర్వాత నన్ను రేకుల గదిలో అట్టపెట్టెలోకి తోశారు. ఎన్ని ఎండాకాలాలు గడిచాయో! రోహిణి కార్తెలో మైనం మెత్తబడి పక్క బ్లాకుకు అంటుకుపోయాను. నా మీద నంబరు చెరిగిపోయింది.

ఒకరోజు పెద్దాయన కొడుకు వచ్చి ల్యాబు అటెండరును అడిగాడు. "అన్నా, పెద్ద డాక్టరుగారు మా నాన్న పాత బ్లాకు తెమ్మన్నారు. ఏవో కొత్త పరీక్షలు చేయించాలట."

"పాతవా? ఎప్పుడో పారేసుంటారు తమ్ముడూ."

నేను ఆ గదిలోనే, మూడో అరలో ఉన్నాను. హార్మోను చికిత్సకు లొంగని ప్రొస్టేట్ క్యాన్సర్ కణాల్లో తరచు బీసీఎల్-2 అనే ప్రోటీన్ ఎక్కువగా ఉండి అపోప్టోసిస్‌కు అడ్డుపడుతుంది. అలాంటివి చూడాలంటే రిపోర్టు కాగితం చాలదు, కణజాలమే కావాలి. కొడుకు ఉత్త చేతులతో వెళ్లాడు. పెద్దాయనకు మళ్లీ సూది గుచ్చక తప్పలేదు.

మీ ఇంట్లో ఎవరికైనా బయాప్సీ జరిగితే రిపోర్టు మీది బ్లాకు నంబరు రాసి పెట్టుకోండి. ఎన్నాళ్లు దాస్తారో ల్యాబును అడగండి. మీకే ఇస్తామంటే తెచ్చుకుని, ఎండ తగలని చల్లని చోట భద్రం చేయండి.